55, 58, మళ్ళీ 55... పింఛను పద్దుకి ముందుగా ఓటేసిందెవరు?

చంద్రశేఖరపురంలో "పింఛనొచ్చిందా?" అనడిగితే దానికి రెండర్థాలు. ఒకటి, ఒకటో తారీఖున ఇంటి దగ్గరే చేతికిచ్చే సామాజిక పింఛను. 2024 జూలై నుంచి అది ముసలివాళ్ళకి నెలకి 4 వేలు. రెండోది అయ్యోర్ల పింఛను (మా వైపు పంతులుగారిని అయ్యోరనే అంటారు). వాన మీద బతికే మెట్ట ప్రాంతం మాది. ఏ యేడూ పంటని నమ్ముకోలేం, కానీ రిటైరైన అయ్యోరి ఇంటికి నెలనెలా డబ్బు రావడం మాత్రం నమ్ముకోవచ్చు. ఊళ్ళో కిరాణా కొట్టు ఖాతా నిలబడేది కూడా చాలావరకు ఆ డబ్బు మీదే.

మొదటి రకం పింఛను గురించి ప్రతి ఎన్నికల్లోనూ గొంతులు చించుకుంటారు. ఎంత పెంచారు, ఎవరు పెంచారు, ఎవరికి తీసేశారు అన్నది టీకొట్టు దగ్గర అందరికీ నోటికొచ్చు. రెండోదాని సంగతి అలా కాదు. అది ఎప్పుడు ఎవరు నిర్ణయించారో, దానికి అసెంబ్లీలో ఎవరు చెయ్యెత్తారో అడిగితే, తీసుకునేవాళ్ళకి కూడా సరిగ్గా తెలీదు. వాళ్ళ తప్పు కాదు లెండి. ఆ చరిత్ర కాస్త తవ్వితే కనిపించేదేమిటంటే, మన రాష్ట్రంలో పింఛను ఖర్చుని మార్చిన పెద్ద పెద్ద నిర్ణయాల్లో చాలావాటికి అసెంబ్లీ చేరేటప్పటికి పని ఐపోయి ఉంది.

కొంచెం వెనక నుంచి మొదలుపెడతాను. ఓపిక పట్టండి.

ఊరి కరణానికి, మునసబుకి పాతకాలంలో జీతం, పింఛను అని వేరువేరుగా ఉండేవి కావు. ఇనాం భూమి ఉండేది. పనిచేసినన్నాళ్ళూ దాని ఫలసాయం, తర్వాత కొడుక్కి అదే పని, అదే భూమి. ఆ ఖర్చు ఏ ఖజానా పద్దులోకీ ఎక్కేది కాదు, కాబట్టి ఎవరూ ప్రశ్నించే పనీ లేదు. మద్రాసు ప్రభుత్వం 1858లో ఇనాం కమిషన్ పెట్టి ఈ భూములన్నిటికీ లెక్కలు రాయించడం మొదలుపెట్టింది. ఊరి స్థాయిలో ఇంత జాగ్రత్తగా లెక్క రాయించిన ప్రభుత్వం, పై స్థాయిలో తన సొంత పింఛన్ల సంగతి మాత్రం వేరేగా చూసుకుంది.

ఇక్కడ ఉద్యోగం చేసి ఇంగ్లండు వెళ్ళిపోయిన తెల్ల అధికారుల పింఛన్లు మన పన్నుల్లోంచే, లండన్లో చెల్లించేవాళ్ళు. "హోమ్ ఛార్జీలు" అనే పద్దులో అదో పెద్ద భాగం. దాదాభాయి నౌరోజీ జీవితమంతా పోరాడింది ఇలాంటి వాటి మీదే. తమాషా ఏంటంటే, ఆ ఖర్చుని బ్రిటిష్ పార్లమెంటు ఓటు వేసి మంజూరు చేసే పని లేదు, ఎందుకంటే అది వాళ్ళ డబ్బు కాదు. మన డబ్బే, కానీ మనకి పార్లమెంటు లేదు. భారత వ్యవహారాలు చూసే మంత్రి జీతం కూడా 1919 చట్టం వచ్చేదాకా మన ఖజానా నుంచే పోయేది. అంటే అతని జీతం పద్దు వచ్చినప్పుడు నాలుగు ప్రశ్నలడిగే అవకాశం కూడా అక్కడి సభ్యులకి లేదన్నమాట.

1895లో వెల్బీ కమిషన్ వేశారు, భారతదేశ ఖర్చుల పరిశీలనకి. నౌరోజీ అందులో సభ్యుడు. 1897లో గోఖలే, దిన్‌షా వాచా, సురేంద్రనాథ్ బెనర్జీ, మద్రాసు నుంచి జి. సుబ్రహ్మణ్య అయ్యర్ లండన్ వెళ్ళి సాక్ష్యం చెప్పారు. నిన్నమొన్నటి దాకా లెక్కలడిగే చోటే లేని దేశం నుంచి నలుగురు వెళ్ళి అంకెలతో సహా వాదించడం నాకు చాలా పెద్ద విషయంగా కనిపిస్తుంది. స్వాతంత్ర్యోద్యమం అంటే జెండాలు, జైళ్ళేనా... ఇలాంటి పద్దుల పోరాటం కూడా.

1919 సంస్కరణలతో శాసనసభలకి బడ్జెట్ మీద ఓటు వచ్చింది. 1921లో కేంద్రంలో ప్రజా పద్దుల కమిటీ, అంటే పీఏసీ కూడా పుట్టింది. అయితే చిన్న మెలిక పెట్టారు. లండన్లో నియమించిన పెద్ద అధికారుల జీతాలు, పింఛన్లు "ఓటు లేని" ఖర్చు. 1935 చట్టం కూడా ఆ రక్షణ తీసెయ్యలేదు. మన ఒంగోలు దగ్గర పుట్టిన టంగుటూరి ప్రకాశం పంతులుగారు 1937లో మద్రాసు రెవెన్యూ మంత్రి అయ్యారు. జమీందారీల మీద పెద్ద విచారణ నడిపించారు. అంతటి మనిషి ఉన్న ప్రభుత్వానికి కూడా, తమ కింద పనిచేసే ఐసీఎస్ అధికారి జీతం, పింఛను మీద సభలో ఓటు అడిగే హక్కు లేదు. స్వాతంత్ర్యం తర్వాత కూడా రాజ్యాంగం 314వ అధికరణం ఐసీఎస్ వాళ్ళ పాత షరతులకి హామీ ఇచ్చింది. దాన్ని తీసెయ్యడానికి 1972లో 28వ సవరణ దాకా ఆగాల్సొచ్చింది.

సరే, ఇదంతా పరాయి పాలన నాటి గొడవ. 1950 తర్వాత ఏమైంది?

కాగితం మీద అంతా బాగుంది. హైకోర్టు జడ్జీల జీతాల్లాంటి కొన్ని ఖర్చులకి తప్ప, రాష్ట్ర ఉద్యోగుల పింఛన్లకి అసెంబ్లీ ఓటు తప్పనిసరి. పద్దుల పుస్తకంలో దానికో హెడ్డుంది, 2071. ఆచరణలో జరిగేది వేరు. పద్దులన్నిటి మీదా చర్చకి టైం చాలదు కాబట్టి చివరి రోజు మిగిలినవన్నీ కలిపి ఒకేసారి ఓటింగుకి పెట్టేస్తారు. దీన్నే గిలెటిన్ అంటారు. ఆ పేరు పెట్టినవాళ్ళకి హాస్యప్రియత్వం ఎక్కువే :) అయినా పింఛను పద్దు మీద గంటసేపు చర్చ జరిగినా ఒరిగేదేమీ లేదు. ఈ యేడు ఇంతమందికి ఇంత కట్టాలి అన్నది ఎప్పుడో తేలిపోయిన లెక్క. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు, పింఛను ప్రభుత్వం దయతో ఇచ్చేది కాదు, చేసిన పనికి వచ్చే హక్కు అని తేల్చింది. ఇప్పటికీ ఆ రోజుని పింఛనర్ల దినంగా జరుపుకుంటారు. హక్కు అన్నాక కోతకి తావు లేదు. కాబట్టి అసెంబ్లీ నోరు తెరవాల్సింది బిల్లు వచ్చిన రోజున కాదు, ఎవరు ఎప్పుడు ఏ షరతుల మీద రిటైరవుతారో నిర్ణయించే రోజున. ఆ రోజులు ఎలా గడిచాయో చూడండి.

మన రాష్ట్రంలో రిటైర్మెంటు వయసు 55గా ఉండేది. 1979లో 58 చేశారు. 1983 జనవరి 9న ఎన్టీఆర్ గారు ప్రమాణస్వీకారం చేశారు. సరిగ్గా ముప్ఫై రోజులకి, ఫిబ్రవరి 8న, వయసు మళ్ళీ 55కి తగ్గించారు. 55 దాటినవాళ్ళంతా ఫిబ్రవరి 28న ఇంటికి. అంటే ఇరవై రోజుల నోటీసు. సుమారు 18 వేలమంది ప్రభుత్వోద్యోగులు, 10 వేలమంది ప్రభుత్వరంగ సంస్థల వాళ్ళు ఒక్కరోజులో రిటైరయ్యారు. మామూలుగా మూడేళ్ళలో విడతలుగా వెళ్ళాల్సినవాళ్ళు అందరూ ఒకే సాయంత్రం కుర్చీలోంచి లేచారు.

కారణం లేకపోలేదు. చదువుకుని ఖాళీగా ఉన్న కుర్రాళ్ళకి ఉద్యోగాలివ్వాలన్నది ఉద్దేశ్యం. నేను దాన్ని వెక్కిరించను, ఉద్యోగమే లేని ఊళ్ళలో ఆ మాట ఎంత తియ్యగా వినిపించి ఉంటుందో ఊహించుకోగలను. నా అభ్యంతరం లెక్క గురించి. మనిషి వెళ్ళిన రోజున గ్రాట్యుటీ ఇవ్వాలి, పింఛనులో కొంత భాగానికి ముందే ముద్దగా తీసుకునే కమ్యుటేషన్ ఇవ్వాలి. మర్నాటి నుంచి పింఛను మొదలు. అదే కుర్చీలో కొత్తవాడు కూర్చుంటే వాడి జీతం. పాతికేళ్ళ పాటు ఖజానాని కదిలించే ఇలాంటి నిర్ణయానికి, కొత్తగా గెలిచొచ్చిన మూడువందల మంది సభ్యుల్లో ఒక్కరు కూడా ముందుగా సభలో లేచి "దీనికెంతవుతుంది?" అని అడిగే వీలు లేకుండా పోయింది. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, రివ్యూ లేకుండా డైరెక్టుగా ప్రొడక్షన్లో మార్చేసి, కోడ్ రివ్యూ రిక్వెస్టు తర్వాత పెట్టడం. అప్పుడు రివ్యూ చేసేవాడు మాత్రం ఏం చెయ్యగలడు? ఐపోయిందాన్ని చూసి తలూపడమే.

ఉద్యోగులు సుప్రీంకోర్టుకి వెళ్ళారు. కేసు నడుస్తుండగానే ఇక్కడ ఇంకో నాటకం. 1984 ఆగస్టు 16న ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని గవర్నర్ తొలగించడం, నాదెండ్ల భాస్కరరావు గారు ముఖ్యమంత్రి కావడం మీకు తెలిసిందే. నెల రోజులు నిలిచిన ఆ ప్రభుత్వం సభలో బలం నిరూపించుకోనే లేదు. కానీ ఆ నెలలోనే, ఆగస్టు 23 నుంచి, రిటైర్మెంటు వయసు మళ్ళీ 58 అయింది! సెప్టెంబరు 16న ఎన్టీఆర్ తిరిగొచ్చారు. ఆయన ప్రభుత్వం 58ని అలాగే ఉంచింది గానీ, మధ్యలో 55కే వెళ్ళిపోయినవాళ్ళకి ఇది వర్తించదంది. ఒకే బ్యాచ్‌లో చేరిన ఇద్దరిలో ఆగస్టు 22లోపు 55 నిండినవాడు ఇంట్లో, ఆ తర్వాత నిండినవాడు ఆఫీసులో.

1985 జనవరి 18న నాగరాజ్ కేసులో ప్రధాన న్యాయమూర్తి వై.వి. చంద్రచూడ్ బెంచ్, 55కి తగ్గించడం చెల్లుతుందని తీర్పిచ్చింది. ఆర్డినెన్సు అంటే కార్యనిర్వాహక చర్య కాదు, అది చట్టం చెయ్యడమే, కాబట్టి దాని వెనక ఉద్దేశ్యాల్ని కోర్టు తవ్వదు అన్నది అందులో ఒక ముఖ్యమైన మాట. అదే ఏడాది ప్రభాకరరావు కేసులో జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి ఇంకో తీర్పిచ్చారు. వయసు మళ్ళీ 58 చేశాక, మధ్యలో బలైనవాళ్ళని వదిలెయ్యడం అన్యాయమన్నారు. ఇంకా 58 నిండనివాళ్ళని వెనక్కి తీసుకోమన్నారు, నిండిపోయినవాళ్ళకి పోయిన సర్వీసుకి పరిహారం కట్టమన్నారు. రెండు తీర్పులూ కలిపి చదివితే ఖజానా పరిస్థితి చూడండి. ఒకే కుర్చీకి ముందు పింఛను, తర్వాత పోగొట్టిన జీతం. రెండేళ్ళలో రెండుసార్లు తిరగబడిన ఈ వ్యవహారంలో ముందు నిర్ణయం, తర్వాత సభ.

ఇదే కాలంలో ఊళ్ళలో ఇంకోటి జరిగింది. 1984 జనవరి 6న ఇంకో ఆర్డినెన్సు. రాష్ట్రంలోని కరణాలు, మునసబులు, అందరి పోస్టులూ రద్దు. సెక్రటేరియట్ గుమాస్తాకి కనీసం ఇరవై రోజుల నోటీసు దొరికింది. వీళ్ళకి ఆ భాగ్యం కూడా లేదు, రికార్డులు అప్పజెప్పి వెళ్ళమన్నారు. పైగా వీళ్ళది "పార్ట్‌టైమ్" ఉద్యోగం అని పేరు, కాబట్టి అయ్యోరికి వచ్చినట్టు నెలనెలా పింఛను లేదు, ఆర్డినెన్సులో రాసిన పరిహారమే. కరణాల పెత్తనం వల్ల జనం పడ్డ బాధలు తక్కువేం కాదు, ఆ వ్యవస్థ పోయిందని మా వైపు పండగ చేసుకున్నవాళ్ళూ ఉన్నారు. వంశపారంపర్య హక్కుని సుప్రీంకోర్టు 1960లోనే గాజుల దశరథరామారావు కేసులో కొట్టేసింది కూడా. పోవాల్సిందే. కానీ పోయిన పద్ధతి చూడండి. బిల్లు పాసవకుండానే ఆర్డినెన్సు మీద ఆర్డినెన్సుగా నడిపించారు. వెంకటరెడ్డి కేసులో 1985లో సుప్రీంకోర్టు, ఆర్డినెన్సు మురిగిపోయినా ఒకసారి రద్దయిన పోస్టులు తిరిగి బతకవు అంది. అంటే సభ ఆమోదం లేకపోయినా పని శాశ్వతం!

ఆ సూత్రం ముప్ఫై రెండేళ్ళు నడిచింది. 2017 జనవరి 2న బీహారు కేసులో (కృష్ణకుమార్ సింగ్) ఏడుగురు జడ్జీల బెంచ్ ఆ సూత్రాన్ని పక్కకి నెట్టింది. ఆర్డినెన్సుని సభ ముందు పెట్టకపోవడం రాజ్యాంగాన్ని మోసం చెయ్యడమే అంది. మెజారిటీ తీర్పు రాసింది డి.వై. చంద్రచూడ్, నాగరాజ్ కేసు తీర్పిచ్చిన చంద్రచూడ్ గారబ్బాయి. మన ఊరి కరణాలకి అప్పటికి దానితో పనేముంది, చాలామంది పోయే ఉంటారు.

తర్వాతి కథ సీపీఎస్. ఇది నా తరం వాళ్ళకి బాగా తెలిసింది, ఎందుకంటే మా స్నేహితుల్లో టీచర్లయినవాళ్ళంతా దీని కిందే ఉన్నారు. కేంద్రం 2003 డిసెంబరు 22న ఒక నోటిఫికేషన్‌తో కొత్త పింఛను విధానం తెచ్చి 2004 జనవరి 1 నుంచి అమలు చేసింది. దానికి పార్లమెంటు చట్టం, అంటే పీఎఫ్‌ఆర్‌డీఏ చట్టం, వచ్చింది 2013లో. మన రాష్ట్రం 2004 సెప్టెంబరు 22న జీవో 653 ఇచ్చి, మూడువారాలు వెనక్కెళ్ళి సెప్టెంబరు 1 నుంచి అమలు అంది. ఉద్యోగి 10 శాతం, ప్రభుత్వం 10 శాతం, మార్కెట్ ఎలా ఉంటే అలా. దేశంలో ఒక తరం ఉద్యోగుల ముసలితనాన్ని మార్చిన నిర్ణయం ఇక్కడ ఒక జీవో. దీనివల్ల డీఎస్సీ 2003 వాళ్ళు ఇరుక్కున్నారు. నోటిఫికేషన్ పాత విధానం ఉండగా వచ్చింది, ఉద్యోగంలో చేరేసరికి తేదీ దాటిపోయింది. ప్రభుత్వం చేసిన ఆలస్యానికి వాళ్ళ పింఛను పోయింది. కేంద్రం తన ఉద్యోగుల్లో ఇలాంటివాళ్ళకి 2023 మార్చి 3న పాత విధానం ఎంచుకునే వీలిచ్చింది. ఇక్కడివాళ్ళు అదే మెమో పట్టుకుని తిరగాల్సొచ్చింది.

సీపీఎస్‌లో ప్రభుత్వం తన వాటా సకాలంలో జమ చెయ్యకపోతే ఆ మేరకు అది ఇవాళ కనపడని అప్పు. కాగ్ రాష్ట్ర ఆర్థిక నివేదికల్లో ఈ బాకీ మీద పేరాలు వచ్చాయి. ఎంతమంది ఎమ్మెల్యేలు చదివుంటారంటారు? వారంలో సీపీఎస్ రద్దు అన్న హామీ 2019 ఎన్నికల్లో వచ్చింది, 2023 సెప్టెంబరులో అసెంబ్లీ ఆమోదించింది మాత్రం రద్దు కాదు, జీపీఎస్. ఒకటి ఒప్పుకోవాలి, అది మంచో చెడో గానీ కనీసం బిల్లుగా సభలోకి వచ్చింది.

మళ్ళీ వయసు దగ్గరికొద్దాం. 2014లో రాష్ట్రం విడిపోయింది. ఆ ఏడాది జనవరి 30న అసెంబ్లీ తిరస్కరించిన బిల్లునే పార్లమెంటు పాస్ చేసింది. లోక్‌సభలో ఓటింగు రోజు టీవీ ప్రసారం కూడా ఆగిపోయింది. ఆ చట్టం ఎనిమిదో షెడ్యూల్లో పాత పింఛన్ల భారం పంపకం ఉంది, జనాభా నిష్పత్తిలో 58.32, 41.68. ఆ గొడవల్లో ఈ షెడ్యూలు గురించి మాట్లాడినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆ జూన్లోనే కొత్త ఆంధ్రప్రదేశ్ వయసు 60 చేసింది. 2022 జనవరిలో 62 అయింది, మళ్ళీ ఆర్డినెన్సుతోనే.

వయసు పెంచితే ఉద్యోగికి రెండేళ్ళ జీతం, నిజమే. ఖజానాకి ఏమవుతుంది? రెండేళ్ళపాటు దాదాపు ఎవరూ రిటైరవ్వరు. గ్రాట్యుటీలు లేవు, కమ్యుటేషన్లు లేవు, సెలవు డబ్బులు లేవు. చేతిలో డబ్బు లేని ప్రభుత్వానికి ఇది వడ్డీ కాగితం రాయని అప్పులాంటిది. 2022లో, 2023లో కట్టాల్సినవి 2024 జనవరి నుంచి మొదలవుతాయి, అదీ పెరిగిన బేసిక్ మీద. అప్పు తీసుకోవాలంటే కేంద్రం పరిమితి ఉంది, కాగ్ లెక్కేస్తుంది, పేపర్లు రాస్తాయి. వయసు పెంచితే సన్మానం చేస్తారు. 1983లో తగ్గించినప్పుడు భారం ఒక్కరోజు మీద పడింది, 2022లో పెంచినప్పుడు రాబోయే ప్రభుత్వం మీద. రెండుసార్లూ ముందుగా ఎవరూ లెక్క అడగలేదు.

మరి తర్వాతైనా అడిగేవాళ్ళుండాలి కదా, దానికే పీఏసీ. 1861లో గ్లాడ్‌స్టన్ మొదలుపెట్టిన పద్ధతి. మన లోక్‌సభలో 1967లో మినూ మసానీతో, అధ్యక్ష పదవి ప్రతిపక్షానికి ఇచ్చే ఆనవాయితీ మొదలైంది. మన రాష్ట్రంలో ఆ కుర్చీ కథ విచిత్రంగా ఉంటుంది. విభజన తర్వాత మొదటి అధ్యక్షుడు నంద్యాల భూమా నాగిరెడ్డి గారు, మన గిద్దలూరు కొండ దిగితే ఆయన నియోజకవర్గమే. 2016లో అధికార పార్టీలో చేరారు. తర్వాత ఆ కుర్చీలో కూర్చున్న బుగ్గన రాజేంద్రనాథ్ గారు 2019లో ఆర్థిక మంత్రి అయ్యారు. అప్పుడు పీఏసీకి వచ్చిన పయ్యావుల కేశవ్ గారు 2021 జూలైలో రూ.41 వేల కోట్ల లావాదేవీలకి సరైన లెక్కలు లేవని గవర్నర్‌కి ఫిర్యాదు చేశారు. ఆయన 2024 జూన్లో ఆర్థిక మంత్రి అయ్యారు. అడిగేవాడి కుర్చీ నుంచి చెప్పేవాడి కుర్చీకి, వరసగా ఇద్దరు. ఏ ప్రశ్నలు ఎక్కడ నొప్పి పుడతాయో వీళ్ళకంటే బాగా ఎవరికి తెలుస్తుంది?

2024లో ప్రతిపక్షానికి 175లో 11 సీట్లే వచ్చాయి. నవంబరులో పీఏసీకి ఓటింగు పెడితే వైసీపీ బహిష్కరించింది. అధ్యక్ష పదవి కూటమిలోని జనసేనకి, భీమవరం ఎమ్మెల్యే పులపర్తి రామాంజనేయులు గారికి దక్కింది. పక్క రాష్ట్రంలోనూ అదే ఏడాది, బీఆర్ఎస్ టికెట్ మీద గెలిచి కాంగ్రెస్ వైపు వెళ్ళారంటున్న అరెకపూడి గాంధీ గారికి ఇవ్వడం మీద పెద్ద రగడ అయింది. వాయిదా పడ్డ గ్రాట్యుటీలు, కమ్యుటేషన్లు పద్దులోకి రావడం మొదలైంది కూడా ఆ 2024లోనే.